దింపుడు కళ్లం

తమ్ముడు: అమ్మ రాసింది నేనూ చదివాను అక్కా. పాల లెక్కల పుస్తకం చివరి పేజీలో, నెల బాకీ కింద గీత గీసి రాసింది. ‘నా శరీరం మెడికల్ కాలేజీకి ఇవ్వండి. కర్మలు చెయ్యొద్దు. నా పేరున భోజనాలు పెట్టొద్దు.’ మూడే ముక్కలు. అక్షరం ఎక్కడా వణకలేదు. ఆమె తెలిసే రాసిందని ఒప్పుకుంటాను. కానీ కాలేజీ వాళ్ల ఫారంలో కొడుకుగా సంతకం పెట్టాలంటే మాత్రం నా చెయ్యి కదలడం లేదు.

అక్క: ఆ శరీరాన్ని డెబ్భై నాలుగేళ్లు మోసింది ఆమె. మనిద్దరినీ అందులోనే మోసింది. దాన్ని ఏం చెయ్యాలో చెప్పడానికి ఆమె కాకపోతే ఇంకెవరురా? ఏ పండక్కి ఏ ఊరు వెళ్లాలో, ఎంత చదవాలో, ఎప్పుడు ఉద్యోగం మానెయ్యాలో అన్నీ ఇంకొకళ్లే చెప్పారు. ఇన్నేళ్లకి తన గురించి తాను ఒక్కటి తేల్చుకుంది. అది కూడా మనమే లాక్కుందామా?

తమ్ముడు: లాక్కోవడం కాదు. పోయినవాళ్లకి చావు ఒక్క క్షణం. ఉన్నవాళ్లకి అది ఏళ్ల తరబడి నడుస్తుంది. పాడె, కుండ, కొరివి, పిండం ఇవన్నీ పోయినవాళ్ల కోసమని అంటాం గానీ, నిలబెట్టేది ఉన్నవాళ్లని. చావు ఇంట్లో మనిషికి బుర్ర పనిచెయ్యదు. అప్పుడు ఎవరో పక్కన నిలబడి, ఇది పట్టుకో, అటు తిరుగు, నీళ్లు వదులు అని చెప్తుంటే చేతులు పనిచేస్తాయి. మూడో రోజు చిన్న దినం, పదో రోజు ధర్మోదకాలు, ఆ పైన పెద్ద కర్మ, నెలనెలా మాసికాలు, ఏడాదికి సంవత్సరీకం. ఒక్కో మెట్టూ దిగుతూ మనిషి మళ్లీ మామూలు రోజుల్లోకి వస్తాడు. ఆ మెట్లు తీసేస్తే దూకాలి. అందరూ దూకలేరు.

అక్క: మెట్లు అక్కర్లేదని నేను అనను. నాన్న పోయాక ఏడాదిపాటు రాత్రిళ్లు నిద్రపట్టక నేనూ తిరిగాను. కానీ ఆ మెట్ల మీద అమ్మకి ఏం దొరికిందో నువ్వు చూడలేదు. 2021 మే నెల. నాన్నని మొయ్యడానికి నలుగురు దొరకలేదు. పదో రోజు తెల్లవారుజామున అమ్మ గాజులు తియ్యడానికి మాత్రం ఐదుగురు మాస్కులు కట్టుకుని వచ్చారు. నేను ఆ గదిలోనే ఉన్నాను. అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. ‘గాజులు నాకు పుట్టింట్లో వేశారు, ఆయన వేసినవి కావు’ అంది. మణికట్టు పట్టుకుని చితక్కొట్టారు. ఎర్ర గాజు ముక్క ఒకటి చర్మంలోకి దిగింది. దాన్ని తీసింది నేను. వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరిది. నూట నలభై ఏళ్ల తర్వాత అదే రాజమండ్రిలో మన ఇంట్లో జరిగింది ఇది. కర్మలు వద్దని ఆమె రాసిందంటే ఆ చేతితోనే రాసింది.

తమ్ముడు: ఆ గదిలోకి మగవాళ్లని రానివ్వలేదు. ఉంటే ఆపేవాణ్ణని ఇప్పుడు అనడం తేలిక. నిజంగా ఆపేవాణ్ణో కాదో నాకే తెలీదు. అది తప్పు, అమ్మకి జరిగిన అవమానం. అందులో వాదన లేదు. కానీ ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోం కదా. గాజులు తీసే తంతు మన గడప తొక్కకుండా చూద్దాం. దానికోసం కాష్ఠం, కొరివి, అస్థికలు, అన్నీ వదిలెయ్యాలా?

అక్క: వదిలెయ్యమన్నది నేను కాదు. ఆమె.

తమ్ముడు: సరే, నాన్న మాట చెప్పు. ఆయనకి కర్మ జరిగిందనుకుంటున్నావా? 2020 మార్చిలోనే కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. సంచీ జిప్పు ముఖం దాకా తీసి బంధువులకి చూపించొచ్చని అందులో ఉంది. తాకకుండా చేసే మంత్రాలు, నీళ్లు చల్లడం చెయ్యొచ్చని ఉంది. బూడిద వల్ల ప్రమాదం లేదని కూడా ఉంది. ఏడాది తర్వాత మనం వెళ్తే, ఆసుపత్రిలో ఎవరూ జిప్పు తియ్యలేదు. శ్మశానంలో వరసలో పద్నాలుగోవాళ్లమని చెప్పారు. మర్నాడు పొద్దున ఒక కుండ ఇచ్చారు. దానిమీద స్కెచ్ పెన్నుతో నంబరు వేసి ఉంది, నీళ్లు తగిలి సగం చెరిగిపోయింది. ఆ బూడిదనే కోటిలింగాల రేవులో కలిపాను. అది నాన్నదో కాదో ఈ రోజుకీ నాకు తెలీదు. ఇప్పటికీ ఎప్పుడైనా బస్టాండులో వెనకనుంచి అదే నడక కనిపిస్తే నాలుగడుగులు ముందుకు వెళ్లి ముఖం చూస్తాను. కర్మ జరగకపోతే ఏమవుతుందని అడిగేవాళ్లకి నేనే జవాబు.

అక్క: ఇన్నాళ్లూ ఈ మాట చెప్పలేదేరా?

తమ్ముడు: ఎవరికి చెప్పను? ఆ నెలలో ఎవరింట చూసినా ఇదే.

అక్క: నీ బాధ నాకు అర్థమైంది. అయినా ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నాన్న దగ్గర మిగిలిపోయిన బాకీని అమ్మ దగ్గర తీర్చుకోవాలనుకుంటున్నావు. నాన్నని మోసుకెళ్లలేదు కాబట్టి అమ్మని మోసుకెళ్లాలి. నాన్నకి కొరివి పెట్టలేదు కాబట్టి అమ్మకి పెట్టాలి. అందులో నాన్న ఉన్నాడు, నువ్వున్నావు. అమ్మ ఎక్కడుంది?

తమ్ముడు: నువ్వన్నది తప్పని అనలేను. కానీ అదే ప్రశ్న నీకూ వేస్తాను. ఆ మూడు ముక్కలు రాసింది అమ్మా, ఆ పదో రోజు పొద్దున దిగిన గాజు ముక్కా? అంతకుముందు అమ్మ ఏనాడైనా దేహదానం మాట ఎత్తిందా? ప్రతి పుష్కరాలకీ రేవుకి వెళ్లి మన తాతలకి పిండాలు పెట్టించింది. తద్దినానికి కాకి వచ్చి ముద్ద ముట్టేదాకా పచ్చి మంచినీళ్లు తాగేది కాదు. అలాంటి మనిషి ఒక్కసారిగా కర్మలే వద్దంటే, అది ఆమె నమ్మకం మారడమా, మానని గాయమా? గాయం రాయించిన కాగితాన్ని ఆజ్ఞ అనుకుని అమలు చేస్తే, ఆమెని గౌరవించినట్టా, ఆ గాయాన్ని గెలిపించినట్టా?

అక్క: గట్టి మాటే. నాకు వెంటనే జవాబు రావడం లేదు. కానీ ఆలోచించు, ఎవరి నిర్ణయం మాత్రం ఏ గాయమూ లేకుండా వస్తుంది? వీరేశలింగం గారి కాలంలో వితంతువుల కోసం మాట్లాడినవాళ్లందరూ ఏదో ఒక ఇంట్లో ఏదో ఒకటి చూసినవాళ్లే. దెబ్బ తగిలాకే మనిషికి కొన్ని కనపడతాయి. నిన్ను కర్మలవైపు తోసిందీ దెబ్బే కదా, ఆ చెరిగిపోయిన నంబరు. నీది ప్రేమ, ఆమెది గాయమని తేల్చే అధికారం మనకి ఎవరిచ్చారు?

తమ్ముడు: ఎవరూ ఇవ్వలేదు. అందుకే భయం.

అక్క: ఇంకో సంగతి. డాక్టరు చదివే పిల్లలకి శరీరం కావాలి. పుస్తకంలో బొమ్మ చూసి నరం ఎక్కడుందో తెలుసుకోవడం వేరు, కత్తి పట్టుకుని వెతుక్కోవడం వేరు. ఇన్నేళ్లూ ఆ బల్లల మీద ఎక్కువగా ఎవరు పడుకున్నారు? రైలు పట్టాల పక్కన, బస్టాండుల్లో, ధర్మాసుపత్రి వరండాల్లో ఎవరూ లేక పోయినవాళ్లు. ఎవరూ అడగని శవాలు. వాళ్లని ఎవరూ ఒప్పుకుంటావా అని అడగలేదు. మన జ్వరాలు తగ్గించిన డాక్టర్లు వాళ్ల మీదే నేర్చుకున్నారు. దిక్కున్నవాళ్లు ఒక్కళ్లూ ఇవ్వకపోతే, దిక్కులేనివాళ్ల మీదే ఆ భారమంతా పడుతుంది. అమ్మ ఒప్పుకుని ఇస్తానంటే అది చిన్న సంగతి కాదు.

తమ్ముడు: నువ్వు చెప్పినవాటిలో నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. దీనికి ఎదురు చెప్పలేను. ఇవ్వడం గొప్పదే. కానీ తర్వాత ఏం జరుగుతుందో నీకూ తెలుసు, నోటితో అనవు. రక్తనాళంలోంచి ఫార్మలిన్ ఎక్కిస్తారు. నెలల తరబడి ఆ హాల్లో ఉంటుంది. పొరపొరా విప్పుతారు. చివరికి మిగిలింది కాలేజీ వాళ్లే దహనమో ఖననమో చేస్తారు. చాలాచోట్ల ఇంటివాళ్లకి చిటికెడు బూడిద కూడా రాదు. అమ్మ ఎడమ బొటనవేలి మీద కత్తిపీట కోసిన మచ్చ ఉంది చూడు, గోరు పక్కన, అడ్డంగా. నాకు జ్వరమొస్తే ఆ వేలే నుదుటి మీద గరుగ్గా తగిలేది. ఆ చెయ్యి ఎవరో పట్టుకుని...

అక్క: పట్టుకుంటారు. పద్దెనిమిదేళ్ల పిల్ల ఎవరో పట్టుకుంటుంది. చాలా కాలేజీల్లో ఆ హాల్లోకి అడుగుపెట్టే రోజున పిల్లలు ఆ దేహాల ముందు నిలబడి, మర్యాదగా చూసుకుంటామని ప్రమాణం చేస్తారు. ఆ పిల్లకి అమ్మ పేరు తెలీదు. మచ్చ మాత్రం కనిపిస్తుంది. కూరలు తరిగిన చెయ్యని తెలుస్తుంది. ఆ బొటనవేలు ఎలా మడుస్తామో అక్కడే నేర్చుకుంటుంది. ఎప్పుడో ఒకరోజు మిల్లులో వేలు తెగినవాడికి కుడుతుంది. ఇది చెప్తుంటే నాకూ గొంతు పూడుకుపోతోంది. అయినా అమ్మ చెయ్యి కాలిపోవడం కంటే ఇది నాకు తక్కువగా అనిపించడం లేదు. మన పురాణాల్లోనే దధీచి వెన్నెముక ఇచ్చాడు. వజ్రాయుధం కోసం. ఆయనకి ఎవరూ పిండం ఎందుకు పెట్టలేదని అడగలేదు.

తమ్ముడు: దధీచి రుషి. మనం సంసారులం.

అక్క: రుషులే కాదు. జ్యోతిబసు 2010 జనవరిలో పోతే కలకత్తా ఆసుపత్రికి ఇచ్చారు. అదే ఏడాది ఫిబ్రవరిలో నానాజీ దేశ్‌ముఖ్ పోతే ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చారు. ఒకరు కమ్యూనిస్టు, ఇంకొకరు ఆరెస్సెస్‌లో పెరిగిన మనిషి. జీవితమంతా ఎదురెదురు నిలబడ్డ రెండు నమ్మకాలు ఈ ఒక్కచోట కలిశాయి. 2024 సెప్టెంబరులో మన సీతారాం ఏచూరి దేహం కూడా ఎయిమ్స్‌కే వెళ్లింది.

తమ్ముడు: వాళ్ల గురించే చెప్తాను విను. ఏచూరి గారిని తిన్నగా ఆసుపత్రికి పంపారా? పార్టీ ఆఫీసులో ఉంచారు, ఎర్రజెండా కప్పారు, వరసకట్టి వచ్చి దండం పెట్టారు, పిడికిలి బిగించి నినాదాలిచ్చారు, వెంట నడిచారు. జ్యోతిబసు వెనక కలకత్తా అంతా కదిలింది. దేవుడు లేడన్నవాళ్లు కూడా సాగనంపకుండా ఉండలేకపోయారు. కప్పడానికి వాళ్లకో జెండా ఉంది, అరవడానికో నినాదం ఉంది. అమ్మకి ఏముంది? ఆమెకి పార్టీ లేదు. ఉన్నది నేనూ, నువ్వూ, వీధిలో పదిమందీ. పసుపు నీళ్లు, తెల్లబట్ట, ‘గోవిందా’ అన్న కేక. అవి తీసేస్తే ఆమె వెళ్లేది అంబులెన్సులో, సంతకాలు పెట్టిన కాగితంతో. నాన్న వెళ్లినట్టే.

అక్క: (కాసేపు ఆగి) అవును. అది నేను అనుకోలేదు. నాన్న వెళ్లినట్టే అవుతుంది. అలా కాకుండా చూడొచ్చు కదా. దేహదానమంటే ఏమీ చెయ్యకపోవడం కాదు. చాలా కాలేజీలు కొన్ని గంటలు ఇంట్లో ఉంచుకోనిస్తాయి. స్నానం చేయిద్దాం. ఆమెకి ఇష్టమైన ఆకుపచ్చ చీర కడదాం. బొట్టు పెడదాం, గాజులు వేద్దాం. అందరూ వచ్చి కూర్చుని ఆమె గురించి చెప్పుకుందాం. నీకు కర్మ కావాలంటే శాస్త్రంలోనే దారి ఉంది. దేహం దొరకనివాళ్లకి దర్భలతో, 360 మోదుగ తొడిమలతో మనిషి ఆకారం చేసి దహనం చేస్తారు. గరుడ పురాణం చెప్పిందే.

తమ్ముడు: అది దేహం దొరకనివాళ్లకి అక్కా. ఏట్లో కొట్టుకుపోయినవాళ్లకి, దేశాంతరంలో పోయినవాళ్లకి. కళ్లముందున్న అమ్మని పంపేసి మోదుగ పుల్లల్ని కాల్చమంటావా? అడిగితే నాన్నకి చేయిస్తాను అది. ఆ కుండ మీద నంబరు చెరిగిపోయింది కాబట్టి.

అక్క: చేయించు. అది నేనూ కూర్చుని చూస్తాను.

తమ్ముడు: నేనో మాట చెప్తాను. అమ్మకి కర్మ మీద కోపం ఎందుకు? ఆడవాళ్లని చూసిన తీరు మీద. అయితే ఆ తీరే మారుద్దాం. కొరివి నువ్వు పెట్టు. 2021 డిసెంబరులో జనరల్ రావత్ దంపతులకి కూతుళ్లే నిప్పు పెట్టారు, దేశమంతా టీవీలో చూసింది. కుండ నువ్వు ఎత్తుకో. నేను వెనకాల నడుస్తాను. కళ్లు దానం చేద్దాం. పోయిన ఆరు గంటల్లోగా తీసుకుంటే ఇద్దరికి చూపొస్తుంది, తర్వాత దహనం చేసుకోవచ్చు. భోజనాలు వద్దంది కాబట్టి అవి మానేద్దాం. ఆమె చెప్పినదాంట్లో ఇంత ఇస్తున్నాను. దహనం ఒక్కటి నాకివ్వు.

అక్క: నువ్వా మాట అంటావనుకోలేదు. నాన్నప్పుడు నన్ను శ్మశానం గేటు దగ్గరే ఆపేశారు, ఆడపిల్లవి వెనక్కి వెళ్లమ్మా అని. ఆ గేటు ఇనుప చువ్వలు పట్టుకుని నిలబడ్డప్పుడు నేనెంత కోరుకున్నానో నీకు తెలీదు. అందుకే నువ్విచ్చింది తీసుకోవడానికి భయంగా ఉంది. మనిద్దరికీ కావలసింది మనం పంచుకుని, అమ్మకి కావలసింది పక్కన పెట్టేస్తామేమోనని. మనిద్దరం రాజీపడితే ఆమె అడిగింది జరిగినట్టు కాదు.

తమ్ముడు: ఆమె బతికుండగానే ఇవన్నీ ఇలా లెక్కలేసుకోవడమే నాకు నచ్చడం లేదు. శుభమా అని కూర్చున్న మనిషి ముందు పాడె కొలతలు తీసినట్టుంది.

అక్క: లెక్కలు వేసుకోని ఇంట్లో ఏమవుతుందో చూశాం. చావు ఇంట్లో నిర్ణయం చేసేది గట్టిగా అరిచేవాడే. అప్పుడు ఏడ్చేవాళ్ల మాట వినపడదు. రాత్రి రెండింటికి ప్రాణం పోతే ఇంటికొచ్చి చావు కాగితం రాసే డాక్టరు ఎవరు, ఫ్రీజర్ బాక్స్ ఎక్కడ దొరుకుతుంది, కాలేజీలో ఎవరికి ఫోన్ చెయ్యాలి, 21 రోజుల్లోగా మరణం నమోదు ఎవరు చేయిస్తారు? ఇవి ముందే తెలిసుంటే ఆ పూట మనం ఏడవడానికి వీలుంటుంది. వైద్యం ఎంతవరకు చెయ్యాలో ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లోనే ఒప్పుకుంది. చావు ఎలా రావాలో చెప్పుకోవచ్చు గానీ, తర్వాత ఏం చెయ్యాలో చెప్పుకుంటే అశుభమా?

తమ్ముడు: చెప్పుకోవచ్చు. కానీ అమ్మ కాగితం ఎంత స్పష్టంగా ఉన్నా, దగ్గరివాళ్లు కాదంటే కాలేజీ తీసుకోదు. అంటే చివరి మాట ఆమెది కాదు, మనదే. ఆ బరువు నా నెత్తిన ఉంది. నేను కాదంటే అమ్మ మాట తోసేసిన కొడుకుని. అవునంటే రెండోసారి కూడా సాగనంపకుండా ఉండిపోయిన కొడుకుని.

అక్క: నాకూ అంతే. నీచేత సంతకం పెట్టిస్తే, తమ్ముడి ఏడుపుని కాగితంతో మూసేసిన అక్కని.

తమ్ముడు: ఒక్కటి అడుగుతాను. సంతకం పెట్టాననే అనుకో. దింపుడు కళ్లం తెలుసు కదా. శ్మశానానికి తీసుకెళ్లే దారిలో పాడె కిందికి దించి, చెవి దగ్గర నోరుపెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఏమో, ప్రాణం ఉందేమో, పలుకుతారేమోనని. పలకరని తెలిసీ పిలుస్తారు. నాన్నని నేను పిలవలేదు. అమ్మని కాలేజీకి తీసుకెళ్లేటప్పుడు కాకినాడ దారిలో, కాలవ గట్టు మీద బండి ఒక్క నిమిషం ఆపిస్తాను. స్ట్రెచర్ దింపిస్తాను. మంత్రం ఉండదు, పంతులు ఉండడు. ‘అమ్మా’ అని మూడుసార్లు పిలుస్తాను. అంతే. అది కర్మ కిందికి వస్తుందా?

అక్క: తెలీదురా. ‘కర్మలు చెయ్యొద్దు’ అంది. పిలవొద్దని అనలేదు. కానీ రాయనిదాన్ని మనకి నచ్చినట్టు చెప్పుకోవడం మొదలుపెడితే, రేపు పెద్దనాన్న ఇంకోటి చెప్తారు, ఎల్లుండి పిన్ని ఇంకోటి చెప్తుంది.

తమ్ముడు: అయితే అమ్మనే అడగాలి.

అక్క: అడుగు.

తమ్ముడు: ఏమని? ‘నువ్వు పోయాక నిన్ను పిలవనా’ అనా?

అక్క: అలాగే అడుగు. నేనూ ఒకటి అడగాలి. ఆ పదో రోజు నీ గాజుల జోలికి ఎవరూ రాకపోయి ఉంటే ఈ కాగితం రాసేదానివా అని. ఇన్నాళ్లూ అడగలేదు. రాసేదాన్ని కాదు అంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు.

తమ్ముడు: ఆదివారం వస్తాను. ఫారం అలాగే ఉండనీ, నా గడి ఖాళీగానే ఉంటుంది. పాల పుస్తకం మాత్రం ఆమెకి అందే చోట ఉంచు అక్కా. పక్కన పెన్ను కూడా పెట్టు.